ఎనిమిది క్లబ్బుల కాగితం

ఆ రోజు నల్లా మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు వచ్చింది. రోజూ మూడున్నరకు వస్తుంది. బిందె పెట్టి గడియారం చూశాను కాబట్టి గుర్తుంది. బిందె సగం నిండేసరికి గేటు ముందు మా ఆయన స్కూటర్ ఆగింది. వెనక సీటు మీద ఒక పొడవాటి మనిషి ఉన్నాడు. అతని కాళ్లు ముందే నేలకు తగులుతున్నాయి కాబట్టి స్కూటర్ దిగడమంటే అతనికి లేచి నిలబడటమే.

"టీచరమ్మా, చాయ్ పెట్టు. మన స్టాపర్ వచ్చిండు" అన్నాడు మా ఆయన.

మా ఆయన భూగర్భ గనిలో హాలర్ నడిపేవాడు. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం అది. డ్యూటీ అయ్యాక మిగిలిన పొద్దంతా ఫుట్‌బాల్. సెంటినరీ కాలనీలో మా క్లబ్బు జట్టుకు ఇరవై ఏళ్లుగా ఆయనే కోచ్. జ్వరం వచ్చినా డ్యూటీకి నాగా పెట్టని మనిషి, ఆ రోజు నాగా పెట్టి ఇతని కోసం గోదావరిఖని బస్టాండుకు పోయాడు. నా అనుమానం అక్కడే మొదలైంది.

వచ్చినతనిది ఘానా. హైదరాబాద్‌లో మా ఆయనకు తెలిసిన ఒక రిఫరీ పంపించాడు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అందుకని అతను మాట్లాడేది ఎక్కువగా నాతోనే. మా ఆయనతో హైదరాబాద్ హిందీ నాలుగు ముక్కలు, మిగతాది చేతులతో. చాయ్ తాగుతుండగా ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీలు అదిరాయి. అతను కప్పు పట్టుకునే కిటికీ వైపు చూశాడు. మేమిద్దరం తల తిప్పకపోవడం గమనించి, మళ్లీ తాగడం మొదలుపెట్టాడు.

తర్వాత సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక కాగితం తీసి నాకిచ్చాడు. అందులో అతను ఆడిన క్లబ్బులు ఉన్నాయి. ఎనిమిది. ఒక్కో క్లబ్బు పక్కన ఏ చోట ఆడాడో రాసి ఉంది. మొదటిది వాళ్ల ఊళ్లో రేవు కూలీల క్లబ్బు, అక్కడ ఫార్వర్డ్. రెండోది పక్క దేశంలో, అక్కడ ఎడమ బ్యాక్. ఆ తర్వాత వాళ్ల రాజధానిలో ఒక క్లబ్బు, అక్కడ మధ్యలో ఆడే హాఫ్. ఇండియా వచ్చాక కలకత్తాలో గోల్ ముందు అడ్డు నిలబడే స్టాపర్, గోవాలో కుడి బ్యాక్, కేరళలో ఏడుగురేసి ఆడే ఆటల్లో రెండు క్లబ్బులు. వాటి పక్కన 'అన్ని చోట్లా' అని ఉంది. చివరిది హైదరాబాద్, అక్కడ గోల్‌కీపర్.

ఎనిమిదీ ఒకే సిరాతో, ఒకే పూట రాసినట్టున్నాయి. అది కూడా గమనించాను.

"ఇన్ని చోట్ల ఎందుకు ఆడారు?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఎవరు లేకపోతే వాళ్ల చోట ఆడాను మేడం" అన్నాడు. అందులో దాచేదేమీ లేనట్టు అన్నాడు.

మా అన్న మా కాలనీ క్లబ్బుకు సెక్రటరీ. గని కంపెనీ ఆఫీసులో క్లర్కు. ఆ సాయంత్రమే వచ్చి కాగితం చూసి, మా ఆయన వైపు తిరిగాడు.

"ఏంది బావా, బదిలీ వర్కర్‌ను పట్కొచ్చినవ్?"

గనిలో కొత్తగా చేరినవాళ్లను ముందు బదిలీ అంటారు. వాళ్లకంటూ ఒక పని ఉండదు. ఆ రోజు ఎవరు డ్యూటీకి రాకపోతే వాళ్ల పనికి పంపుతారు. పనితనం కుదిరాక పర్మనెంట్ చేస్తారు. ఏళ్లు గడిచినా బదిలీగానే ఉన్నాడంటే ఆ మనిషిలో ఏదో తక్కువ ఉందని మా వాళ్ల లెక్క.

"గోల్ కొడ్తడా, ఆపుతడా? ఏదన్న ఒకటి చెప్పు" అన్నాడు అన్న.

"రెండు చేస్తడు."

"రెండు చేసెటోడు నీకెందుకు దొర్కిండే? పెద్ద క్లబ్బులోళ్లకు కండ్లు లేవా?"

"నీ అసొంటోళ్లు సెక్రటరీలుంటే గట్లనే అయితది బావా."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. అన్న అడిగిన ప్రశ్న నాకు సరైనదిగానే తోచింది.

చలికాలంలో గనుల కాలనీల జట్ల మధ్య టోర్నమెంటు జరిగేది. ఒక్కో జట్టు ఒక్క బయటి ఆటగాడిని తెచ్చుకోవచ్చు. కానీ ఆ ఆటగాడు ఫలానా అని కంపెనీ ఉద్యోగి ఒకరు ఫారం మీద సంతకం పెట్టాలి. రాసింది తప్పని తేలితే జట్టును తీసేస్తారు. సంతకం పెట్టినవాళ్లు ఆ తర్వాత ఏ క్లబ్బులోనూ ఏ పదవిలోనూ ఉండకూడదు. మా ఆయన ఆ ఫారం మీద నా ముందే సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు కలం ఆగలేదు. ఆ మైదానం తప్ప ఆయనకు ఇంకో సరదా లేదు. తాగడు, పేకాట లేదు. అది పోతే ఆయన సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటాడో నాకు తెలియదు. అందుకే నేను భయపడ్డాను. నేను చేసినదానికి ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

అతను మూడు వారాలు క్లబ్బు గదిలో ఉన్నాడు. రాత్రి భోజనం మా ఇంట్లో. అన్నం ముందు మేం ప్రార్థన చేస్తే అతనూ కళ్లు మూసుకునేవాడు. ఆదివారం మాతో చర్చికి వచ్చి, మాటలు తెలియకపోయినా మా తెలుగు పాటల రాగం తప్పకుండా పట్టుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. పోయిన చోటల్లా ఇంత తొందరగా కలిసిపోవడం ఎక్కడ నేర్చుకున్నాడా అనుకున్నాను నేను.

తింటూ తన క్లబ్బుల సంగతులు చెప్పేవాడు. నేను మా ఆయనకు తెలుగులో చెప్పేదాన్ని. రేవు క్లబ్బులో సముద్రం గాలికి బంతి ఎటు పోతుందో చూసి పరుగెత్తడం నేర్చుకున్నాడట. పక్క దేశంలో ఎడమ బ్యాక్ పెళ్లికని పోయి తిరిగి రాకపోతే ఇతన్ని అక్కడ నిలబెట్టారట. కలకత్తాలో వానాకాలం బురదలో మోకాలు తిరిగింది. మునుపటిలా ఉరకలేనని తెలిసి, ఉరకనవసరం లేని చోటు అడిగి తీసుకున్నాడు. కేరళలో వరికోతలయిన మళ్లలో ఆడేవాళ్లట. చుట్టూ వెదురు బొంగుల గ్యాలరీలు కట్టేవాళ్లట. జనం పేరు పెట్టి అరుస్తుంటే పక్కవాడు చెప్పేది వినపడేది కాదట.

"హాలర్ అసొంటోడు. ఏ లెవల్‌ల పెట్టినా గుంజుతడు" అని మా ఆయన సంబరపడేవాడు.

నేను మాత్రం చెప్పినవన్నీ కాగితంతో సరిచూసుకునేదాన్ని. ఒకసారి గోవా ముందు, కలకత్తా తర్వాత అన్నాడు. కాగితంలో కలకత్తా ముందుంది.

ఆట దగ్గర తప్పు పట్టడానికేమీ లేదు. మొదటి మ్యాచ్‌లో ఫార్వర్డ్‌గా ఆడి రెండు గోల్స్ కొట్టాడు. రెండోదాంట్లో కమాన్‌పూర్ జట్టు మీదికి వస్తుంటే వెనక్కి వచ్చి స్టాపర్‌గా నిలబడ్డాడు. సెమీఫైనల్లో మా గోల్‌కీపర్ వేలు విరిగింది. ఇతను చేతి తొడుగులు తగిలించుకుని గోల్ ముందుకు పోయాడు. గ్యాలరీలో నా వెనక ఎవరో అన్నారు, "ఒక్క మనిషికి ఇన్ని విద్యలెట్లొస్తయే? గీయన ఒక్కడేనా, ఇంకెవరన్న ఉన్నరా లోపల?" అందరూ నవ్వారు. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు, బడిలో నా లీజర్ పీరియడ్‌లో, ఫోన్‌లో కాగితంలోని క్లబ్బులను ఒక్కొక్కటే వెతికాను. మూడు దొరకలేదు. కేరళ క్లబ్బుల్లో ఒకటి దొరికింది. పాత జట్టు ఫోటో ఒకటి ఉంది. నిలబడ్డ వరుసలో మూడోవాడు ఇతనే. అనుమానం లేదు. కింద రాసిన పేరు మాత్రం వేరు. ఇంటిపేరు లాంటి చివరి పేరు ఒకటే. మొదటి పేరు ఇంకొకటి.

మా ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఇలాంటిది చూస్తే ఒకటే తోస్తుంది. వెనకటి రోజుల్లో ఒకరికి వచ్చిన ఉద్యోగంలో ఇంకొకరు చేరడం మా గనుల్లో చాలా ఇళ్లలో ఉన్నదే. అన్నకు పిలుపు వస్తే తమ్ముడు పోయి అన్న పేరుతో దిగేవాడు. బతుకంతా ఆ పేరుతోనే డ్యూటీ చేసేవాడు. ఈ పద్ధతి తెలిసిన బుర్రతోనే నేను ఆ ఫోటో చూశాను. ఇతను తన అన్న కాగితాల మీద తిరుగుతున్నాడనుకున్నాను. ఎనిమిది క్లబ్బుల్లో ఆడింది ఒక్క మనిషి కాదు, ఇద్దరో ముగ్గురో అన్నదమ్ములు, అందుకే ఇన్ని చోట్లు. అంతా అతికినట్టు కుదిరింది. కుదరడమే నాకు రుజువైంది.

ఫోటో మా ఆయనకు చూపలేదు. అన్నకు చూపించాను.

"చెల్లె, గిది మనకు తెల్వని కథనా" అన్నాడు అన్న. "అవుతలోళ్ల కంట పడ్డదనుకో, బావ పని ఖతం. ఇగ మైదానంల అడుగు పెట్టనియ్యరు."

"నేను చూపిన్నని చెప్పకు" అన్నాను.

ఫైనల్ రోజు పొద్దున అన్న మా ఇంటికి వచ్చాడు. మా ఆయన వరండాలో కూర్చుని బంతికి గాలి కొడుతున్నాడు. నేను లోపల తలుపు దగ్గర ఉన్నాను.

"బావా, ఒక్క మాట. ఆయన ఎవరే?"

"నాకు తెలిసిన మనిషి."

"ఏ పేరుతోని తెలుసు?"

పంపు ఆగింది. "గా మాట నన్నడుగుతున్నవా బావా?" అన్నాడు మా ఆయన.

అన్న తల దించుకున్నాడు. కంపెనీ పుస్తకాల్లో మా ఆయనది వాళ్ల పెదనాన్న కొడుకు పేరు. ముప్పై ఏళ్లుగా ఆ పేరుతోనే మస్టర్‌లో హాజరు పడింది. ఆ ఫారం మీద సంతకం కూడా ఆ పేరుతోనే పెట్టాడు. పెళ్లి రోజు చర్చిలో పలికిన పేరు వేరు. ఇది మా బంధువులకు తెలుసు, ఆయనతో పనిచేసేవాళ్లకూ తెలుసు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం మా దగ్గర మర్యాద.

"నేను నిన్ను అంటలేను బావా. కేరళ ఫోటోల ఇంకో పేరుంది. నా కండ్లతోని చూసిన" అన్నాడు అన్న.

"ఎవరు చూపిచ్చిన్రు?"

"దొరికింది. పోనీ, ఆయననే అడుగరాదు?"

"ఏమని అడగాలె? నీ పేరు నీదేనా అనా? నన్ను ఒక్కడు అడిగిండా ఇన్నేండ్ల సంది? అడగకుంటనే బతుకనిచ్చిన్రు. నేను ఒకన్ని అడగ."

"మరి ఫైనల్ ఎట్ల?"

"ఆడనియ్య. పక్కకు కూసోబెడ్త. ఆడకుంటే ఎవడు అర్జీ పెడ్తడు?" అన్నాడు మా ఆయన.

నేను బయటికి వచ్చి, నాకు ఇంగ్లీషు వచ్చు, నేను అడుగుతాను అనొచ్చు. అనలేదు. అంటే ఆ ఫోటో ఎవరి ఫోన్‌లోదో బయటపడుతుంది.

ఫైనల్ గోదావరి అవతలి జైపూర్ వైపు జట్టుతో. అతను బూట్లు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మోకాలు నొప్పి అని జనానికి చెప్పారు. అతనికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇరవయ్యో నిమిషంలో మా ఎడమ బ్యాక్ మడమ మెలిపడి పడిపోయాడు. అతను లేచి జెర్సీ సర్దుకున్నాడు. మా ఆయన అటు చూడకుండా ఇంకొకరిని పంపాడు. సగం ఆట అయ్యాక హాఫ్‌గా ఆడేవాడికి తిమ్మిరి పట్టింది. అతను మళ్లీ లేచాడు. మళ్లీ ఇంకొకరు పోయారు. ఒక గోల్ వెనకబడి ఉండగా ఫార్వర్డ్ కుంటుతూ బయటికి వచ్చాడు. ఈసారి అతను లేవలేదు. మా ఆయన ముఖం వైపు మాత్రం చూశాడు. ఆ మూడు చోట్లూ అతనికి వచ్చినవే. మేం ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం.

సాయంత్రం సంచి సర్దుకుని మా ఇంటికి వచ్చాడు. మా ఆయనకు నమస్కారం పెట్టి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు.

"మేడం, కోచ్‌ను అడగండి. నేను ఏ చోట సరిగా ఆడలేదు? చెబితే నేర్చుకుంటాను."

నేను దాన్ని తెలుగులో చెప్పలేదు. దానికి బదులు, చివరికి, ఆ కేరళ పేరు పలికి అది ఎవరిదని అడిగాను.

"అదీ నాదే" అన్నాడు. అతని ముఖంలో ఆశ్చర్యం తప్ప ఇంకేం లేదు. వాళ్ల వైపు పిల్లలకు పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు ఉంటుందట. శుక్రవారం పుట్టిన మగపిల్లలందరిదీ ఆ పేరే. పాస్‌పోర్టులో ఉన్నది బాప్తిస్మం పేరు. కేరళలో జనానికి అరవడానికి వారం పేరు తేలికగా ఉండేదని క్లబ్బువాళ్లు అదే రాసుకున్నారు. చెప్పి, మా ఆయన వైపు తిరిగి హిందీలో శుక్రవారమని "జుమ్మా, కోచ్, జుమ్మా" అని తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు.

నాకూ రెండు పేర్లున్నాయి. బాప్తిస్మం రోజు పెట్టినది ఒకటి, బడి రిజిస్టరులో ఉన్నది ఒకటి. రెండూ నావే. అది నాకు అంతకుముందు రెండు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"ఏమంటుండు?" అన్నాడు మా ఆయన.

చెప్పాను. పేరు సంగతి మొత్తం చెప్పాను. అతను మొదట అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. ఫోటో సంగతి చెప్పలేదు. మా ఆయన లేచి స్కూటర్ తాళం తీసుకున్నాడు. అతన్ని రామగుండం స్టేషన్‌లో రైలెక్కించి వచ్చాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో తెలియదు.

తిరిగి వస్తూ అన్న ఇంటి దగ్గర ఆగాడట. జరిగింది చెప్పి, "బావా, రేపటి సంది నేను రాను" అన్నాడట.

"ఎందుకే? అసలోడే అని తేలె గద. నీ సంతకం చెల్లింది" అన్నాడట అన్న.

"నేను పెట్టిన సంతకం నేనే చెల్లనియ్యలే. ఇగ గా పోరగాండ్లకు ఏం చెప్తనే?"

అన్న బతిమాలాడు, జట్టువాళ్లు వచ్చి అడిగారు. ఆయన పోలేదు. రిటైరయ్యేదాకా రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు, సాయంత్రాలు వరండాలోనే కూర్చున్నాడు. పేపరు చదివేవాడు. నేను ఏది పోతుందని భయపడి అంతా చేశానో అది నా వల్లే పోయింది.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఒక్కసారి మాత్రం, అన్నం తిన్నాక, నా ఫోన్ ఎడమ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిండ్ల చూసిన ఫోటోలు ఎన్ని రోజులుంటయే?"

"తీసేసేదాక ఉంటయి" అన్నాను.

ఫోన్ నా చేతికిచ్చి చేయి కడుక్కోవడానికి లేచాడు. ఆయనకు తెలుసని నా అనుమానం. అడగకపోవడం ఆయన మర్యాద. చెప్పకపోవడానికి మాత్రం ఆ పేరు పెట్టలేను.

నిరుడు ఆయన పోయాడు. మరణ ధ్రువీకరణ పత్రం కంపెనీ పేరు మీద వచ్చింది, సమాధి రాయి మీద చర్చిలో పలికిన పేరు చెక్కించాను. చూడటానికి వచ్చిన గని మనుషులు ఒక పేరుతో, బంధువులు ఇంకో పేరుతో ఆయన్ను తలచుకున్నారు. ఎవరూ ఎవరినీ సరిదిద్దలేదు.

ఆ తర్వాత ఒక రోజు లైబ్రరీ నుంచి ఆఫ్రికా మీద ఒక పుస్తకం తెచ్చుకుని చదివాను. వారం పేర్ల ఆచారం నిజమే. ఫారంలో అతని పుట్టిన తేదీ ఉండేది. జిరాక్సు కాపీ మా ఆయన కాగితాల్లో దొరికింది. ఫోన్‌లో వెనక్కి పోయి క్యాలెండర్ చూశాను. శుక్రవారమే. పుట్టిన తేదీ కూడా అతను చెప్పిందే కదా అని ఆ వెంటనే అనుకున్నాను. నా బుర్ర అలాంటిది. అతను ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నాడో, ఆడటం మానేశాడో తెలియదు. రెండు పేర్లతోనూ వెతికాను. దొరకలేదు.

ఫోటో సంగతి అన్నకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ మధ్య అన్ననే అడిగాను, మా ఆయనకు చెప్పావా అని.

"చెప్పలే. ఆయన అడగలే" అన్నాడు.

అన్న ఇంకా సెక్రటరీయే. టోర్నమెంటు జరుగుతూనే ఉంది, జట్టు ఆడుతూనే ఉంది. కోచ్‌లు ఇద్దరు మారారు. కీపర్‌కు దెబ్బ తగిలితే ఉన్నవాళ్లలోనే ఎవరో ఒకరు నిలబడతారు. మా క్లబ్బు ఇప్పుడు బయటి ఆటగాడిని పిలవడం లేదు.